లెక్క తగ్గింది సరే, సొర తగ్గిందా?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. సొరచేపల మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. ఆ ప్రేమ వల్లే ఒకచోట తొందరపడ్డావు. పాత రికార్డులో పట్టుబడి అంకెలు ఏటేటా పడిపోవడం చూసి, సముద్రం ఖాళీ అయిపోయిందని రాసేశావు. తొలిరోజుల్లో నేనూ అదే పని చేశాను. ఆ ఏళ్ళలో వేటకు వెళ్ళిన పడవలే సగానికి తగ్గాయని వ్యాసం అచ్చయ్యాక తెలిసింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాలిఫోర్నియా తీరంలోని సూప్‌ఫిన్ సొర సంగతి చూడు. దాని కాలేయంలో విటమిన్ ఎ దండిగా ఉంటుందని 1930ల చివర్లో తెలిసింది. అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చి, విటమిన్ ఎ కోసం అంతవరకు వాడిన కాడ్ చేప కాలేయపు నూనె యూరప్ నుంచి రావడం ఆగిపోయింది. కాలేయం ధర ఆకాశాన్నంటింది. చాలామంది మిగతా చేపలు వదిలేసి దీని వెంట పడ్డారు. 1944 కల్లా పట్టుబడి కూలిపోయింది. ఇక్కడ కాసేపు ఆగు. కొనేవాళ్ళున్నారు, ధర ఉంది, అయినా చేప దొరకలేదు. అంటే తగ్గింది చేపే. తర్వాత 1940ల చివర్లో కృత్రిమ విటమిన్ ఎ వచ్చింది. ఇక కాలేయం అడిగేవాళ్ళు లేరు, వేట దాదాపు ఆగిపోయింది. ఆ తర్వాత కనిపించే చిన్న అంకెలు సముద్రం గురించి చెప్పేది దాదాపు ఏమీ లేదు, అవి బజారు సంగతి చెబుతాయి. కాగితం మీద మాత్రం రెండూ కిందికి దిగే గీతలే. ఏ గీత దేనివల్ల దిగిందో తేల్చడమే నీ పని.

కాబట్టి ఎన్ని సొరలు పడ్డాయన్న అంకె దొరకగానే, ఎన్ని వలలకు, ఎన్ని గాలాలకు, ఎన్ని రోజులకు అని అడుగు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఈతగాళ్ళ రక్షణ కోసం 1962 నుంచి బీచ్‌ల దగ్గర వలలు, గాలాలు వేస్తున్నారు. సొరలను లెక్కపెట్టాలని మొదలుపెట్టిన పని కాదది. కానీ ఎక్కడ, ఎన్ని వేశారో రాసిపెట్టారు కనుక 55 ఏళ్ళను పోల్చి చూడటం వీలైంది. అన్నే వలలకు, గాలాలకు దొరికే పెద్ద సొరలు, జాతిని బట్టి 74 నుంచి 92 శాతం దాకా తగ్గాయని 2018లో తేలింది. ఇలాంటి రికార్డు దొరికితే వదలకు.

రికార్డంటే రిజిస్టరే కానక్కర్లేదు. ఫ్లోరిడాలోని కీ వెస్ట్ రేవులో, సరదా వేటకు వెళ్ళొచ్చిన వాళ్ళు తమ చేపలను వేలాడదీసి ఫొటోలు దిగేవాళ్ళు. లోరెన్ మెక్లెనకన్ అనే పరిశోధకురాలు 1956 నుంచి 2007 వరకు ఉన్న అలాంటి ఫొటోలలో చేపలను కొలిచింది. సొరల సగటు పొడవు సగానికి పైగా తగ్గిపోయింది. ఆ ఫొటోల్లో నన్ను బాగా కదిలించినవి మనుషుల ముఖాలు. పాత ఫొటోలో మనిషంత చేప పక్కన ఉన్న నవ్వే, కొత్త ఫొటోలో చిన్న చేప పక్కనా ఉంది. తాము చిన్నప్పుడు చూసిన సముద్రాన్నే నిండు సముద్రం అనుకుంటూ ఒక్కో తరం కొలమానాన్ని కిందికి దించుకుంటుందని మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1995లో అన్నాడు. ఆ మాట అక్కడ కళ్ళకు కడుతుంది.

పసిఫిక్ మహాసముద్రంలోని గిల్బర్ట్ దీవుల వాళ్ళు సొర పళ్ళతో చేసుకున్న పాత ఆయుధాలు మ్యూజియంలో ఉన్నాయి. ఇప్పుడు ఆ దీవుల చుట్టూ కనిపించని రెండు జాతుల పళ్ళు వాటిలో దొరికాయి. ఒక్క అక్షరం లేకపోయినా అదీ సాక్ష్యమే.

ఇంకో మాట. 1986 నుంచి వాయవ్య అట్లాంటిక్‌లో సుత్తితల సొరలు 89 శాతం తగ్గాయని పడవలవాళ్ళు తమ వేట వివరాలు రాసుకునే లాగ్‌బుక్‌ల ఆధారంగా 2003లో వచ్చిన లెక్కను నువ్వు ఉదహరించావు. అది తగ్గుదలను ఎక్కువ చేసి చూపిందని మరికొందరు శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. ఆ సంగతి కూడా రాయి. రాస్తే వ్యాసం బలహీనపడుతుందని టెన్షన్ పడకు. పాఠకుడు ఆ వాదన తర్వాత ఇంకెక్కడో చదివితే, నీ మిగతా అంకెలను కూడా నమ్మడు. 1970 నుంచి మహాసముద్రాల్లో తిరిగే సొరలు, రే చేపలు 71 శాతం తగ్గాయని 2021లో వచ్చిన లెక్క ఉంది. అసలు విషయం చెప్పడానికి అదే చాలు, పెంచి రాయాల్సిన అవసరం లేదు.

ఇప్పుడు నీ వ్యాసంలో మూడో పేరా దగ్గరికి వెళ్ళు. ఆ అంకెల పక్కన పడవల సంఖ్య ఉందేమో వెతుకు. దొరక్కపోతే 'సొరలు తగ్గాయి' అన్నచోట 'పట్టుబడి తగ్గింది' అని మార్చి పంపు. నేను ఎదురుచూస్తుంటాను.