పోస్ట్‌డాక్‌కి గైడ్ ఒక్కరే సరిపోతారా?

ప్రశ్న: ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ పూర్తి కావచ్చింది. ఆరోగ్య విధానాల మీద రెండేళ్ల పోస్ట్‌డాక్‌లో (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన కొలువులో) చేరబోతున్నాను. గైడ్‌తో ముందుగా ఏమేం తేల్చుకోవాలి?

జవాబు: అన్నిటికంటే ముందు డేటా సంగతి. బీమా క్లెయిముల వంటి రికార్డులు చేతికి రావాలంటే పరిశోధనలో నైతిక నియమాలు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతితో పాటు డేటా వినియోగ ఒప్పందం కూడా కావాలి. వీటికే నెలలు పట్టొచ్చు. అందుకే అందరికీ అందుబాటులో ఉన్న సర్వే డేటాతో ఇంకో పేపర్ మొదటి నెలలోనే మొదలుపెట్టండి. మీరు వెళ్లిపోయాక ఆ రికార్డులు వాడుకోవచ్చా అన్నది కూడా కాగితం మీద ఉండాలి. చాలామందికి ఇది ఆఖరి వారంలో గుర్తొస్తుంది!

ఇక, గైడ్ ఒక్కరే అన్నీ నేర్పలేరు. గణాంక పద్ధతులు తెలిసినవారొకరు, ప్రభుత్వ శాఖల్లో నిర్ణయాలెలా జరుగుతాయో తెలిసినవారొకరు తోడుండాలి. ఉదాహరణకు, పథకం అమలైన ప్రాంతాన్ని అమలుకాని ప్రాంతంతో పోల్చేటప్పుడు, అంతకుముందు రెండుచోట్లా మార్పు ఒకే తీరున సాగిందో లేదో చూడాలి. లేదంటే పథకం వల్ల వచ్చిన తేడా ఏదో, అంతకుముందు నుంచే ఉన్నదేదో చెప్పలేం. పద్ధతులు తెలిసినవారు దీన్ని ముందే పట్టేస్తారు.

పేపర్‌లో మొదటి రచయిత ఎవరన్నది విశ్లేషణకు ముందే రాసుకోండి. ప్రశ్నలు ముందురోజే గైడ్‌కి పంపితే, వారానికి అరగంట భేటీ చాలు. అధికారులకిచ్చే నివేదిక రెండు పేజీలు దాటనివ్వకండి, సిఫారసు మొదటి పేరాలోనే ఉండాలి.

చేరేముందు ఆ గైడ్ దగ్గర పనిచేసి వెళ్లిన ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. వాళ్లిచ్చిన డ్రాఫ్టు గైడ్ దగ్గర్నుంచి ఎన్నాళ్లకు తిరిగొచ్చేదో అడగండి.