గిట్‌కి మారాక $ఐడీ$ ఖాళీగా ఎందుకుంది?

ప్రశ్న: మా ప్రాజెక్టు చాలా ఏళ్లు సబ్‌వెర్షన్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్రని దాచే వెర్షన్ కంట్రోల్ టూల్) ఉండేది. ప్రతి ఫైలు పైన కామెంట్‌లో $ఐడీ$ అనే కీవర్డ్ (ఇంగ్లిష్‌లో $Id$) రాసి, ఆ ఫైలుకి కీవర్డ్స్ ప్రాపర్టీ పెడితే చాలు, ఫైలు పేరు, రివిజన్ నంబరు, తేదీ, ఎవరు మార్చారు, అన్నీ అవే వచ్చేవి. అలాంటిదే ఇంకో టూల్ గిట్‌కి మారాక అక్కడ ఉత్త $ఐడీ$ కనిపిస్తోంది. కస్టమర్ దగ్గరున్నది ఏ వెర్షనని సపోర్ట్ వాళ్లు అడిగితే చెప్పలేక టెన్షన్‌గా ఉంది. పాతలా రప్పించే దారి ఉందా?

జవాబు: ఉంది గానీ, మీకు కావాల్సింది అందులో రాదు. గిట్‌అట్రిబ్యూట్స్ అనే సెట్టింగ్స్ ఫైల్లో ఆ ఫైళ్లకి ఐడెంట్ అని పెడితే, తర్వాత చెకౌట్ అయినప్పుడు, అంటే గిట్ ఆ ఫైళ్లని మీ ఫోల్డర్‌లో రాసినప్పుడు, $ఐడీ$ దగ్గర 40 అక్షరాల హెక్స్ సంఖ్య ఒకటి వచ్చి చేరుతుంది. అది కమిట్ (గిట్‌లో దాచిన ఒక్కో మార్పు) నంబరనుకుని లాగ్‌లో వెతక్కండి, దొరకదు. ఆ ఒక్క ఫైలు కంటెంట్‌కి గిట్ ఇచ్చిన గుర్తు అది, అంతే. తేదీ ఉండదు, పేరూ ఉండదు.

గిట్ రాసినవాళ్లు బద్ధకించి వదిలేసిన పని కాదిది. కమిట్ నంబరుని లెక్కకట్టేదే ఫైళ్లలో ఏముందో చూసి, మరి ఆ నంబరునే ఫైల్లో రాసి కమిట్ చేద్దామంటే కంటెంట్ మారుతుంది, దాంతో నంబరూ మారిపోతుంది. పోనీ చెకౌట్ చేసేటప్పుడు పైపైన రాయొచ్చు కదా అంటారేమో. బ్రాంచి మారినప్పుడు గిట్ తేడా ఉన్న ఫైళ్లనే ముట్టుకుంటుంది, మిగతావాటిలో పాత బ్రాంచి నంబరే ఉండిపోతుంది. అలా కాకూడదంటే ప్రతిసారీ అన్ని ఫైళ్లనీ తిరగరాయాలి, అప్పుడు మేక్ లాంటి బిల్డ్ టూల్ అన్నీ మారాయనుకుని మొత్తం మళ్లీ కంపైల్ చేస్తూ కూర్చుంటుంది.

ఈ అలవాటు 1970ల నాటి ఎస్‌సీసీఎస్, 1980ల మొదట్లో వచ్చిన ఆర్‌సీఎస్ అనే పాత వెర్షన్ కంట్రోల్ టూల్స్ కాలం నాటిది. అప్పుడు ఒక్కో ఫైలుకి దాని వెర్షన్ దానిదే, 1.4 తర్వాత 1.5 అలా. ఫైలు నంబరు ఫైల్లోనే ఉండటం సబబుగానే ఉండేది. సబ్‌వెర్షన్‌కి వచ్చేసరికే ఇది కొంచెం మోసంగా తయారైంది. అందులో రివిజన్ నంబరుకి వాడే $రెవ్$ కీవర్డ్ చూపించేది ఆ ఫైలు చివరిసారి మారిన రివిజన్, ప్రాజెక్టుది కాదు. మెయిన్ ఫైలుని ఏడాదిగా ఎవరూ ముట్టుకోకపోతే, పక్కన వంద ఫైళ్లు మారినా అందులో పాత నంబరే కనిపిస్తుంది. అంటే సపోర్ట్ వాళ్ల ప్రశ్నకి మీ దగ్గర ఇంతకుముందు కూడా సరైన జవాబు లేదు, ఉన్నట్టు అనిపించేదంతే!

నేనైతే ఆ కామెంట్లన్నీ తీసేస్తాను. బిల్డ్ చేసేటప్పుడు ఇప్పుడున్న కమిట్‌కి గుర్తు చెప్పే గిట్ డిస్క్రైబ్ కమాండ్‌ని ఆల్వేస్, డర్టీ ఆప్షన్లతో నడిపి, వచ్చిన స్ట్రింగ్‌ని ఒక చిన్న సోర్స్ ఫైల్లో రాయించి ప్రోగ్రామ్‌లో కలిపేయండి, అబౌట్ స్క్రీన్‌లో అదే చూపించండి. కమిట్ చెయ్యని మార్పులతో బిల్డ్ చేసి పంపితే చివర డర్టీ అని పడుతుంది, ఎవరో హడావుడిగా తమ మెషీన్ మీద బిల్డ్ చేసి ఇచ్చినప్పుడు ఇదే మిమ్మల్ని కాపాడేది. ఆ చిన్న సోర్స్ ఫైలుని మాత్రం గిట్ పట్టించుకోకుండా గిట్‌ఇగ్నోర్‌లో పెట్టండి, లేకపోతే మళ్లీ మొదటి గొడవే. సోర్స్‌ని గిట్ ఆర్కైవ్‌తో టార్‌బాల్‌గా (అన్నీ కలిపిన ఒకే ఫైలు) ఇస్తుంటే ఎక్స్‌పోర్ట్ సబ్‌స్ట్ అనే అట్రిబ్యూట్ ఉంది, అది కమిట్ నంబరునీ తేదీనీ ఆ టార్‌బాల్‌లో రాసిపెడుతుంది.

ప్రశ్న: మా పాత సీవీఎస్ (సబ్‌వెర్షన్‌కి ముందుతరం టూల్) సర్వర్ నుంచి తీసిన ఇమేజ్ ఫైళ్లు కొన్ని తెరుచుకోవడం లేదు. దీనికీ కీవర్డ్సే కారణమా?

జవాబు: కావచ్చు. చెప్పకపోతే సీవీఎస్ ప్రతిదాన్నీ టెక్స్ట్ అనే అనుకుంటుంది, బైట్లలో ఎక్కడైనా $ఐడీ$ లాంటిది తగిలితే విస్తరించేస్తుంది, విండోస్‌లో లైన్ ఎండింగ్స్ కూడా మారుస్తుంది. అడ్మిన్ కమాండ్‌తో ఆ ఫైళ్లకి కేబీ (-kb, అంటే బైనరీ) మోడ్ పెట్టి, -A ఆప్షన్‌తో అప్‌డేట్ చేసి చూడండి. అప్పటికీ తెరుచుకోకపోతే ఫైలు లోపలికి వెళ్లేటప్పుడే పాడైనట్టు, ఒరిజినల్ ఎక్కడైనా ఉంటే మోడ్ మార్చాక దాన్నే మళ్లీ కమిట్ చెయ్యండి.