లంచ్ టేబుల్ దగ్గర రాజకీయాలు మాట్లాడొచ్చా?

ప్రశ్న: అక్కా, పోలండ్ వచ్చి మూడు నెలలైంది. వ్రొత్స్వాఫ్‌లో ఉద్యోగం. ఆఫీసులో అమ్మాయిలు రాజకీయాలు తెగ మాట్లాడుకుంటారు. మన పంచాయతీల్లో ఆడవాళ్లకు సగం సీట్లని చెబితే నోరెళ్లబెట్టారు. వీళ్ల పార్లమెంటులో మూడో వంతు కూడా లేరట. ఒకప్పటి కమ్యూనిస్టు దేశం కదా, ఎందుకిలా అని అడగాలనుంది. అడగొచ్చా?

జవాబు: అడుగు చెల్లీ. నేను అడిగినట్టు మాత్రం అడక్కు.

2011 అక్టోబరు. నేను వచ్చి ఏడాదైంది. ఇప్పట్లా అడుగడుక్కీ మనవాళ్లు లేరు, వాట్సాప్ గ్రూపుల్లేవు. నాతో కలిసి తినేది ఒక్కావిడే, మా టీంలో పెద్దావిడ. పార్లమెంటు దిగువ సభకి, అంటే సెయ్మ్‌కి ఎన్నికలు. ప్రతి పార్టీ జాబితాలో ఆడవాళ్లు కనీసం 35 శాతం, మగవాళ్లూ కనీసం 35 శాతం ఉండాలన్న చట్టం మొదటిసారి అమల్లోకొచ్చింది. మహిళల కాంగ్రెస్ అనే సంఘం లక్షకు పైగా సంతకాలు పోగేసి సగం అడిగితే, దక్కింది 35. ఆవిడా సంతకాలు సేకరించిందట. నాకేం తెలుసు?

తెనాలిలో మా తాతగారింట్లో రష్యా నుంచి వచ్చే రంగుల పత్రికలుండేవి. వాటిలో ట్రాక్టర్ మీద కూర్చుని నవ్వే ఆడవాళ్లు. ఆ జ్ఞానంతో అనేశాను: "కమ్యూనిస్టుల కాలంలో మీకన్నీ సమానంగా ఉండేవిగా, ఇప్పుడు కోటా అడుక్కోవాల్సి వచ్చిందా?"

ఆవిడ ఫోర్కు కింద పెట్టింది. "మార్చి 8న ఫ్యాక్టరీలో మా అమ్మకి ఒక కార్నేషన్ పువ్వు, ఒక జత మేజోళ్లు ఇచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకునేవాళ్లు. అక్కణ్నించి మాంసం క్యూలోకి వెళ్లి నిలబడేది" అంది. సూప్ సగంలోనే ట్రే తీసుకుని లేచిపోయింది.

అసలు సంగతి తర్వాత తెలిసింది. 1980లో సెయ్మ్‌లో 23 శాతం ఆడవాళ్లుండేవాళ్లు, నిజమే. కానీ అది చేతులెత్తే సభ. నిర్ణయాలన్నీ పార్టీ పెద్దల గదిలో, అక్కడ ఆడవాళ్లు కనిపించేవాళ్లే కాదు. అదే ఏడాది గ్దాన్‌స్క్ ఓడల కార్ఖానాలో సమ్మె రాజుకుంది అన్నా వలెంతినోవిచ్ అనే క్రేన్ ఆపరేటర్ని పనిలోంచి తీసేసినందుకు. తీరా కమ్యూనిస్టుల పాలన పోయి, స్వేచ్ఛ వచ్చి సెయ్మ్ కుర్చీకి విలువ పెరిగాక ఆ కుర్చీలు మగవాళ్లు పంచుకున్నారు. 1991 ఎన్నికల్లో గెలిచినవాళ్లలో ఆడవాళ్లు పదో వంతు కూడా లేరు.

నన్నడిగితే ఇవన్నీ పక్కన పెట్టు. ఆ ఒక్క మాటతో నా డిసెంబరు ఏమైందో విను. ఆవిడ నాతో తినడం మానేసింది. అప్పట్లో 24 సాయంత్రానికి షాపులన్నీ మూసేసేవాళ్లనీ (2025 నుంచి 24 రోజంతా సెలవే), 25, 26 తెరవరనీ నాకెవరూ చెప్పలేదు. మూడు రోజులు బ్రెడ్డు, ఆవకాయ. ఎదురింటి కిటికీలో పన్నెండు మంది బల్ల చుట్టూ కూర్చున్నారు. ఒక కుర్చీ ఖాళీ. క్రిస్మస్ ముందు రాత్రి అనుకోని అతిథి కోసం ఒక కంచం ఖాళీగా ఉంచడం వీళ్ల ఆచారం. అది తెలియక, ఎవరో పోయారు కాబోలు పాపం అని జాలిపడ్డాను. అమ్మకి ఫోన్ చేసి ఫ్రెండ్స్‌తో ఉన్నానని చెప్పాను.

ఇక నీ 'సగం సీట్ల' గొప్ప. నేనూ చెప్పాను. "మరి మీ పార్లమెంటులో?" అని ఎదురడిగారు. 2024లో మన లోక్‌సభకి 543లో 74 మంది ఆడవాళ్లు గెలిచారు. వీళ్లు 2023లో దాదాపు 30 శాతం. లెక్క తెలీకుండా దిగకు. మన పంచాయతీల్లో సీటే ఆడవాళ్లది, గెలిచేది ఆడమనిషే (సంతకం భర్త చేస్తాడా అన్నది మనింటి గొడవ). ఇక్కడ కోటా జాబితాలో పేరుకే. ఓటరు నచ్చిన పార్టీ జాబితాలో ఒక్క పేరు పక్కన గుర్తు పెడతాడు. చాలామంది పైనున్న పేరుకే పెట్టేస్తారు. ఆ ఒకటో నంబరు మగవాడికిచ్చి ఆడవాళ్లని మధ్యలో సర్దితే చట్టం తప్పినట్టు కాదు. అందుకే 2007లో 20 శాతం ఉన్నది 2011లో 24 దగ్గరే ఆగింది. సెనేట్‌కి, అంటే ఎగువ సభకి, నియోజకవర్గానికి ఒక్కరే, కాబట్టి అక్కడ కోటా ఊసే లేదు.

ఆడవాళ్లంతా ఒకే మాట మీదుంటారనీ అనుకోకు. అబార్షన్‌ని కట్టడి చేసిన 1993 చట్టం వచ్చినప్పుడు ప్రధాని హన్నా సుహోత్స్కా. 2016లో దాన్ని ఇంకా బిగించబోతే ఆడవాళ్లు నల్లబట్టలతో రోడ్డెక్కారు, అప్పుడూ ప్రధాని ఆడమనిషే, బెయాతా షిద్వో. అక్టోబరు 3, సోమవారం. నాకు దసరా నవరాత్రులు. నిగనిగలాడే పసుపు చుడీదార్‌లో ఆఫీసుకెళ్లాను! సగం కుర్చీలు ఖాళీ, ఉన్నవాళ్లంతా నలుపు. ఆ పెద్దావిడే వచ్చి, తన నల్ల స్కార్ఫ్ తీసి నా మెడలో వేసింది. ఐదేళ్ల తర్వాత మళ్లీ కలిసి తిన్నాం. ఆ డిసెంబరులో వాళ్లింట్లో ఆ ఖాళీ కంచం నాదే.

కాబట్టి నీ ప్రశ్న "మీ అమ్మగారు ఏం పని చేసేవారు?" అని మొదలుపెట్టు. పోలిష్‌లో అడిగితే ఇంకా మంచిది, తప్పులొచ్చినా సరే. ఊరేగింపులకి వెళ్లొచ్చా, వీసాకి ఇబ్బందా అన్నవి అధికారిక సైట్లలో చూసుకో, రోజూ మారుతుంటాయి. ఓటు మాత్రం పౌరసత్వం వచ్చాకే. నాకది 2023లో కుదిరింది. అక్టోబరు 15, చలి, మా పక్క పేట యగోద్నోలో అర్ధరాత్రి దాటినా క్యూ తరగలేదు, మూడింటిదాకా ఓట్లేశారు. మా బూత్‌లో నేను రెండు గంటలు నిలబడ్డాను. ముందున్నావిడ ఫ్లాస్కులో టీ పోసిచ్చింది. ఓటు కాగితం దినపత్రికంత ఉంది. జాబితాలో కిందకి దిగి, ఒకావిడ పేరు వెతికి గుర్తు పెట్టాను. ఎవరికో చెప్పను.

అది సరే, డిసెంబరు 24 సాయంత్రం ఎక్కడుంటావో ముందే రాయి. బియ్యం, పాలు 23నే కొనిపెట్టుకో.