గల్లీ నిలవాలంటే ముందు ఇంటోళ్లతోని కూసో

బిడ్డా,

నీ మెసేజ్ చూసిన, ఫొటోలు గూడ చూసిన. వేయిస్తంభాల గుడి వెనక మీ గల్లీల మూడిండ్లను ఒక్క బిల్డరే మాట్లాడుకుంటున్నడని, మూడు జాగలు కలిపి అయిదంతస్తులు లేపుతడని, పోరగాళ్లంతా బ్యానర్ కొట్టించి ధర్నాకు కూసుంటమంటున్నరని రాసినవు. పెద్దబాపూ ఏం చేద్దాం అన్నవు కాబట్టి చెప్తున్న, పొడుగు అయితది, ఓపికతోని చదువు, చదివినంక మీ గ్రూపుల పెట్టినా సరే.

ముందుగాల ఆ బ్యానర్ ఆపు. అసలే వద్దని కాదు, ఇప్పుడే వద్దు. నేను టౌన్ ప్లానింగ్ సెక్షన్ల ఫైళ్ల నడుమ బతికినోన్ని, ఈ తమాషా మస్తు సార్లు చూసిన. ఇయ్యాల ధర్నా ఫొటో పేపర్ల వస్తది, రేపు పొద్దుగాల బిల్డర్ మనిషి స్వీట్ డబ్బా పట్టుకొని ఆ ఓనర్ ఇంటికి పోతడు, చూసినవా అన్నా నీ ఇల్లు నువ్వు అమ్ముకుంటుంటే నీ వాడకట్టోళ్లే నీ మీద కొట్లాడుతున్నరు అంటడు. అప్పటిదాక అమ్ముదామా వద్దా అని ఊగిసలాడేటోడు రోషానికి పోయి సంతకం పెడ్తడు. ఇల్లు పోయేది అక్కడ, ఆఫీసుల కాదు.

అందుకే మొదలు ఓనర్ల దగ్గరికి పో. ఒక నోటుబుక్కు తీసుకొని గల్లీల ఒక్కొక్క ఇల్లు రాయి, ఎవరి పేరు మీద ఉన్నది, వారసులు ఎంతమంది, ఎవరు ఇక్కడున్నరు, ఎవరు హైదరాబాద్‌ల, ఎవరు అమెరికాల, పంపకాలు అయినయా లేదా, కిరాయికి ఎవరున్నరు. పంపకాలు కాని ఇల్లు అయితే బిల్డర్‌తోని రాసుకునే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ మీద వాటా ఉన్నోళ్లందరు సంతకం పెట్టాలె, ఆడబిడ్డలను గూడ అడగాలె, చాలా ఇండ్లల్ల అన్నదమ్ములు అమ్ముదామంటే అక్కచెల్లెండ్లే మా అమ్మ తిరిగిన ఇల్లు అని వెనక్కి గుంజుతరు. అట్లని నువ్వు పోయి వాళ్ల ఇంట్ల పంచాయితీ పెట్టకు, ఆ పాపం మనకొద్దు. వాళ్లకు ఫోన్ చేసి గల్లీ గురించి మేము ఇట్ల అనుకుంటున్నం, మీరేమంటరు అని అడుగు, అంతే.

అడిగినప్పుడు వాళ్లు ఎందుకు అమ్ముతున్నరో విను. పదిండ్లల్ల ఎనిమిదిండ్లోళ్లు చెప్పేది ఒక్కటే, పైకప్పు. మన దగ్గర కోతుల సంగతి నీకు తెల్వంది కాదు. గూనపెంకుల మీదికి ఎక్కి ఒక్కొక్కటి లేపి కింద పారేస్తయి, వాన పడితే నీళ్లు వాసాల మీదికెళ్లి దూలం తలకాయ దగ్గరికి, గోడల దిగిన కాడికి చేరుతయి, టేకు దూలం నడుమ ఎంత గట్టిగున్నా ఆ గోడల ఉన్న మూరెడు ముక్క మెత్తవడుతది. అది పైకి కనవడదు, గోడ మీద సున్నం ఉబ్బి చారలు దిగితే అర్థం చేసుకోవాలె. రెండు వానకాలాలు గట్లనే పోతే గోడ పట్టు తప్పుతది, ఇగ ఇంట్ల ముసలోళ్లు రాత్రి పండాలంటె భయపడ్తరు. పెంకులు పరిచే మేస్త్రీ దొరకడు, దొరికినా ఆయన అడిగే కూలి ఒక్క ఇంటోడు పెట్టుకోలేడు. ఆ టైంల బిల్డర్ వచ్చి రెండు ఫ్లాట్లిస్త, కట్టేదాక కిరాయి గూడ నేనే కడ్త అంటే ఎవడు కాదంటడు చెప్పు. ఆయనకు పోయి వారసత్వం, సంస్కృతి అని స్పీచ్ ఇస్తే మొఖం మీదనే నవ్వుతడు.

కాబట్టి మీ కమిటీ మొదటి పని పైకప్పులు. నిజంగనే చెప్తున్న, కరపత్రం కంటే ముందు ఇది. వానకాలానికి ముందే గల్లీ అంతటికి కలిపి ఒక్క మేస్త్రీని మాట్లాడుండ్రి, ఇంటింటికి వేరే మాట్లాడితె రాడు గాని నెల రోజుల పని ఒక్క కాడ దొరుకుతదంటె ఊరవతలి నుంచైనా వస్తడు. పర్వతగిరి దిక్కు, పరకాల దిక్కు పల్లెల్ల పాత ఇండ్లు కూలగొడుతుంటరు, పాత గూనలు, వాసాలు అగ్గువకు వస్తయి, ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకొని తెచ్చి ఎవరి పెరట్లనన్న పేర్చి పెట్టుండ్రి. డబ్బుల్లేనోళ్లు పైన రేకులు వేసుకుంటమంటే వేసుకోనియ్యి, అందం చెడుతదని నువ్వు ముక్కు చిట్లియ్యకు, రేకుల కింద దూలం పొడిగ ఉంటది, దూలం ఉంటే ఇల్లుంటది.

ఇగ కానూన్ సంగతి. మీ గల్లీకి ఒక విచిత్రం ఉన్నది. గుడి 1163ల రుద్రదేవుడు కట్టించింది, కేంద్ర పురావస్తు శాఖ, అదే ఏఎస్ఐ కింద ఉన్నది. పాత కట్టడాలను కాపాడే 1958 చట్టానికి 2010ల సవరణ తెచ్చిన్రు కదా, దాని ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాక కొత్త కట్టడం అసలే కట్టొద్దు, ఆ అవతల ఇంకో 200 మీటర్లను రెగ్యులేటెడ్ ఏరియా అంటరు, అక్కడ ఎన్ఎంఏ, అంటే జాతీయ కట్టడాల అథారిటీ, అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్ఓసీ ఉంటేనే కట్టాలె. దాటితే రెండేండ్ల దాక జైలు, లక్ష దాక జరిమానా, లేకపోతే రెండూ. ఇప్పుడు మీ గల్లీ మొదలు ఈ 300 మీటర్ల లోపల ఉన్నట్టుంది, ఆఖరు బయట ఉన్నట్టుంది, నువ్వు పంపిన మూడిండ్ల ఫొటోలు చూస్తే అవి సరిగ్గ గీత మీదనే ఉన్నట్టు కొడుతున్నయి. అందాజ మాటలొద్దు. దూరం గుడి గోపురం నుంచి కాదు, రక్షిత హద్దు నుంచి లెక్కపెడ్తరు, ఫోన్ల మ్యాప్ చూసి కొట్లాటకు పోకు, లైసెన్స్ ఉన్న సర్వేయర్‌తోని కొలిపించి స్కెచ్ గీయించుకో. ఆ ఒక్క కాయితం మీ మొత్తం కేసుకు దూలం అసుంటిది.

ఇంకో మాట, గీత లోపల ఉన్నోళ్లకు ఈ చట్టమంటేనే మంట. బాత్రూం కట్టుకుందామన్నా, గోడ బాగు చేసుకుందామన్నా పర్మిషన్ అంటరు, ఆన్‌లైన్ల ఎక్కించాలె, డ్రాయింగులు పెట్టాలె, నెలలు తిరగాలె. వాళ్లను నువ్వు చట్టం పేరు చెప్పి బెదిరిస్తే మీకు ఎన్నడు తోడు రారు. ఉల్టా చెయ్యి, వాళ్ల రిపేర్ అప్లికేషన్లు మీ చదువుకున్న పిల్లలు నింపి పెట్టుండ్రి. 100 మీటర్ల లోపల గూడ ఉన్న ఇంటికి రిపేర్ పర్మిషన్ అడగొచ్చు, ఆ సంగతి సగం మందికి తెల్వదు.

మున్సిపల్ పర్మిషన్ దగ్గర టైం లెక్క మంచిగ అర్థం చేసుకో. 2020ల ఇండ్ల పర్మిషన్లు ఆన్‌లైన్ల ఇచ్చే టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది, 500 చదరపు మీటర్ల లోపు జాగ, 10 మీటర్ల లోపు ఎత్తు అయితే సెల్ఫ్ సర్టిఫికేషన్ మీదనే ఎంబటే పర్మిషన్, అంతకు మించితే సింగిల్ విండో, 21 రోజుల్ల తేల్చకపోతే పర్మిషన్ ఇచ్చినట్టే లెక్క. ఆన్‌లైన్ పేరు తర్వాత మారింది గాని నడక అదే. మరి ఆర్టీఐకి జవాబియ్యడానికి గడువెంత, 30 రోజులు. అంటే నువ్వు ఇయ్యాల పది రూపాయల స్టాంప్ అంటించి ఆర్టీఐ వేస్తే నీకు జవాబు వచ్చేసరికి ఆయన చేతిల పర్మిషన్ ఉంటది, పునాది తవ్వుడు గూడ మొదలైతది. చానామంది ఇక్కడనే మునుగుతరు.

అందుకని ఆర్టీఐ వెయ్యి, కాని దాన్ని నమ్ముకొని కూసోకు. ఇప్పుడే, ఇంకా అప్లికేషన్ పడకముందే, ఆ మూడిండ్ల ఇంటి నంబర్లు రాసి, సర్వేయర్ స్కెచ్ జతచేసి, ఇది రెగ్యులేటెడ్ ఏరియా పరిధిల ఉన్నది, ఎన్ఎంఏ ఎన్ఓసీ చూడకుండ పర్మిషన్ ఇయ్యొద్దు అని కార్పొరేషన్ కమిషనర్‌కు, టౌన్ ప్లానింగ్‌కు, కుడాకు (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీకి), ఏఎస్ఐ ఆఫీసుకు తలా ఒక కాపీ ఇయ్యి. నాలుగింటి మీద ఇన్‌వర్డ్ నంబర్, ముద్ర, తారీఖు పడాలె. సోమవారం ప్రజావాణిల కలెక్టర్‌కు గూడ ఇయ్యి, అక్కడ రశీదు ఇస్తరు. ముద్ర లేని దరఖాస్తు ఇచ్చినా ఇయ్యనట్టే బిడ్డా, నేను కౌంటర్ అవతల కూసున్నోన్ని గనుక చెప్తున్న. రేపు ఎవరన్న కళ్లు మూసుకొని సంతకం పెడితే, నీకు ముందుగాలనే చెప్పినం గదా అని చూపెట్టడానికి ఆ ముద్రనే పనికొస్తది. భయపడేది గూడ దానికే.

దరఖాస్తుల భాష జాగ్రత్త. లంచం తిన్నరు, కబ్జా పెట్టిన్రు, ఫలానోని మనిషి అని రాయకుండ్రి, రుజువు లేకపోతే అది మీ మెడకే చుట్టుకుంటది. వాట్సాప్ గ్రూపుల గూడ గంతే, స్క్రీన్‌షాట్ పోని కాడ లేదు. ఇంటి నంబర్, కొలత, నిబంధన, తారీఖు, ఇవే రాయాలె.

రోడ్డు ముచ్చట ఒకటి మరిచిపోకముందే చెప్త. మీ కార్పొరేటర్ మంచి మనసుతోనే గల్లీ రోడ్డు వెడల్పు చేయిస్త, ట్రాఫిక్ బాధ పోతది అన్నడని రాసినవు. దండం పెట్టి వద్దనుండ్రి. బిల్డింగ్ రూల్స్ జీవో 168 ప్రకారం ఎదురుగ రోడ్డు ఎంత వెడల్పుంటే బిల్డింగ్ అంత ఎత్తు లేస్తది. మీ గల్లీ ఇరుకే మీకు రక్ష. అరుగులు కొట్టేసి రోడ్డు వెడల్పు చేసినంక అయిదంతస్తులొద్దంటే ఎవడు వింటడు. ఇప్పుడే టేప్ పట్టుకొని ప్రతి పదడుగులకు వెడల్పు కొలిచి, టేప్ మీది నంబర్ కనవడేటట్టు ఫొటో తీసి పెట్టుకో, ప్లాన్ల రోడ్డు ఎంత చూపిస్తరో దానితోని పోల్చుకోవడానికి. కుడా 2041 మాస్టర్ ప్లాన్ మ్యాప్ల మీ గల్లీ రంగు ఏమున్నదో, రోడ్డు ఎంత గీసిన్రో అది గూడ చూడు.

ఇంటింటి రికార్డు మొదలుపెట్టుండ్రి. 2017ల రాష్ట్రం హెరిటేజ్ చట్టం తెచ్చింది, ఆ శాఖకు మా గల్లీని పరిశీలించుండ్రి అని అడగాలంటే ఉత్త భావోద్వేగం సరిపోదు, కాయితాలు గావాలె. పాత కట్టడాలను కాపాడే సంస్థ ఇంటాక్ ఉన్నది, దాని వరంగల్ చాప్టరోళ్లను పిలువుండ్రి, ఫారం ఎట్ల నింపాలో చెప్తరు. ఒక్కో ఇంటికి గోడ మందం ఎంత, డంగుసున్నమా మట్టా, దర్వాజ మీద చెక్కడం ఏమున్నది, అరుగు పొడుగెంత, పాత దస్తావేజు ఉర్దూల ఉంటే దాని ఫొటో. ముసలోళ్లను కూసోబెట్టి ఫోన్ల రికార్డ్ చెయ్యండ్రి, ఈ ఇంట్ల ఎవరుండే, ఏం యాపారం చేస్తుండే అని.

ఇది ఎందుకంటున్ననంటే మన వరంగల్ సెంట్రల్ జైలు చూసినవు గదా. 1886 నాటి జైలు, 2021ల ఆసుపత్రి కోసమని కూలగొట్టిన్రు. ఆసుపత్రి వద్దని ఎవడంటడు, నేను గూడ అనను. కాని కూలినంకనే ఊరంతా స్టేటస్‌లు పెట్టుకున్నరు. 1934 నాటి ఆజంజాహి మిల్లు గూడ అంతే, మూతవడ్డంక ఆ భూములు చానావరకు ప్లాట్లయినయి. అదే హైదరాబాద్‌ల ఎర్రమంజిల్ చూడు, కొత్త అసెంబ్లీ కోసం తీసేస్తమని సర్కారే అనుకుంటే 2019 సెప్టెంబర్ల హైకోర్టు ఆ నిర్ణయం కొట్టేసింది. భవనం అందంగున్నదని కాదు, దానికున్న రక్షణను, పద్ధతిని పట్టించుకోలేదని. కూలకముందే కాయితాలతోని కోర్టుకు పోయినోళ్లున్నరు కాబట్టి అది నిలిచింది. మీరు మాత్రం కోర్టు ఆఖరుకు పెట్టుకోండ్రి, ఖర్చున్నది, తిరుగుడున్నది.

ఎవరన్న వచ్చి రాళ్లకు నంబర్లు వేసి విప్పి అట్లనే మళ్ల కడ్తమంటే నవ్వి ఊకోండ్రి. మీ కండ్ల ఎదురుంగనే గుడి కళ్యాణ మండపం 2006ల విప్పితే మళ్ల తెరిచేసరికి 2024 శివరాత్రి వచ్చింది, అది ఏఎస్ఐ చేసిన పని.

వానకాలంల ఇంకో ఎత్తు వేస్తరు, శిథిల భవనం నోటీసు. కొన్ని నిజంగనే పడిపోయేటట్టున్న ఇండ్లుంటయి, అవి ఖాళీ చేయాలె, ప్రాణం కంటే గోడ ఎక్కువ కాదు. కాని మంచిగున్న ఇంటికి గూడ ఎవరో ఫిర్యాదు పెట్టి నోటీసు తెప్పిస్తరు. నోటీసు రాకముందే స్ట్రక్చరల్ ఇంజనీర్‌తోని చూపించి సర్టిఫికెట్ తీసి పెట్టుండ్రి, వరంగల్ నిట్ ఇంజనీరింగ్ కాలేజీ సివిల్ డిపార్ట్‌మెంట్‌ల ఎవరన్న పరిచయముంటే సలహా అడుగుండ్రి.

కమిటీల ఆడోళ్లు లేరని చూసిన, తొమ్మిది పేర్లు రాసినవు, అందరు మొగోళ్లే. అట్లయితే పని కాదు. పగటిపూట గల్లీల ఉండేది వాళ్లు, ఏ ఇంట్ల కొలతలు తీస్తున్నరో, ఎవని కారు వచ్చి ఆగిందో ముందు తెలిసేది వాళ్లకే. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మకు గుడి కాడ ఊరంతా ఉంటది, ఆ రోజు మైకులు, పార్టీ కండువాలు లేకుండ, మీ గల్లీ ఇండ్ల ఫొటోలు పెద్దగ ప్రింట్ తీయించి అరుగుల మీద పెట్టుండ్రి. నీ బ్యానర్ అప్పుడు కట్టుకో.

ఇగ ఆ మూల ఇంటి అత్తమ్మ సంగతి. అడ్వాన్స్ తీసుకున్నదని ఆమెతోని మాట్లాడుడు బంద్ చేసిన్రని రాసినవు. ఇది నాకు నచ్చలేదు. ఆమె మోకాళ్ల ఆపరేషన్‌కు పైసలు గావాలె, అమ్ముకునే హక్కు ఆమెకున్నది. రేపే పోయి చాయ్ తాగి రా, ఆ అగ్రిమెంట్ కాయితం ఒక్కసారి చూపెట్టమని అడుగు, రిజిస్టర్ అయ్యిందా ఉత్త నోటరీనా, గడువు ఎంత రాసిన్రు, ఎన్ఓసీ రాకపోతే పైసల సంగతి ఏందని రాసిన్రో చూడు. ఆమె ఒప్పుకుంటే జిరాక్స్ తీసుకొని ఆదివారం ఇంటికి రా, సర్వేయర్ స్కెచ్ రాకున్నా సరే, నోటుబుక్కు మాత్రం మరువకు.

మీ పెద్దబాపు