లింగ పరివర్తనలో మొదటి అడుగు హార్మోన్లేనా?

కానక్కరలేదు. నమ్మకస్తులైన ఒకరిద్దరి చేత కొత్త పేరుతో పిలిపించుకోవడం, దుస్తులూ జుట్టూ మార్చి చూడడం వంటివి కావాలంటే వెనక్కు తీసుకోగలిగినవి కనుక, వాటితో మొదలుపెట్టడం మేలు. స్త్రీ, పురుష వర్గాలలో ఇమడని నాన్‌బైనరీ వ్యక్తులు కొందరు అక్కడితోనే ఆగుతారు, అది అసంపూర్ణమేమీ కాదు. పిలుపు విషయానికొస్తే, తెలుగులో ‘నేను’, ‘మీరు’, ‘తను’ లింగభేదం చూపవు. చిక్కంతా ‘వచ్చాడు’, ‘వచ్చింది’ దగ్గరే, దాన్ని ‘వచ్చారు’ చాలావరకు తప్పిస్తుంది.

హార్మోన్లు కోరుకుంటే ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల వైద్య నిపుణులను కలిసి, రక్తపరీక్షలు చేయించుకున్నాకే ప్రారంభించాలి. చాలామంది చేసే పొరపాటు, మందుల దుకాణంలో స్త్రీ హార్మోన్లుండే గర్భనిరోధక మాత్రలు కొని సొంతంగా వాడడం; వాటివల్ల రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. పురుష హార్మోనైన టెస్టోస్టెరాన్‌తో మారిన గొంతు, స్త్రీ హార్మోనైన ఈస్ట్రోజన్‌తో పెరిగిన రొమ్ములు మందు మానినా పూర్వస్థితికి రావు. సంతాన సామర్థ్యం కూడా తగ్గవచ్చు కాబట్టి, బిడ్డలు కావాలనుకునేవారు వీర్యం లేదా అండాలను ముందే భద్రపరచుకోవడం గురించి వైద్యులతో మాట్లాడాలి.

శస్త్రచికిత్స అయితేనే గుర్తింపు అని ఎవరైనా భయపెడితే, లింగ గుర్తింపుకు దాన్ని షరతుగా పట్టుబట్టడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన తీర్పును చూపవచ్చు, అయితే ఆ తర్వాత వచ్చిన చట్టాల నిబంధనలనూ సరిచూసుకోవాలి.