నవ్వించేవాడికి ఆ సంగతి తెలియకపోతేనే నవ్వు

"సరదా సినిమాల్లో నటీనటుల ఎంపిక నిజంగా అంత ముఖ్యమా? డైలాగులు బాగుంటే ఎవరు చెప్పినా నవ్వు రాదా?" అని అడిగారు. రాదు. ఈ సంగతి నాకు సినిమాల కంటే ముందు, హన్మకొండలో మా కాలేజీ స్టేజీ మీదే తెలిసింది.

ఫైనలియర్‌లో ఒక స్కిట్ వేశాం. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు టిఫిన్లన్నీ తినేసి, పిల్లను చూడకుండానే లేచిపోయే కథ. పిల్ల తండ్రి వేషం మా క్లాసులో జోకులకు పెట్టింది పేరైనవాడికి ఇచ్చాం. రిహార్సల్‌లో పడీపడీ నవ్వాం. తీరా స్టేజీ ఎక్కాక వాడు డైలాగు చెప్పకముందే తను నవ్వుతాడు, కనుబొమ్మలు ఎగరేస్తాడు, జనం వైపు చూస్తాడు. హాల్లో చప్పుడు లేదు. వెనక వరసల నుంచి "ఇగ దిగుండ్రి" అన్న కేక మాత్రం బాగా వినిపించింది.

తర్వాత హాస్టల్ డేకి అదే స్కిట్, అవే మాటలు. మొదటివాడు మళ్ళీ చేయనన్నాడు. వేరే దిక్కు లేక, ఎప్పుడూ మెస్ బిల్లు లెక్కలు రాసుకునే ఒక సీరియస్ మనిషిని పట్టుకొచ్చాం. వాడు ముఖం కదపలేదు. మిర్చి బజ్జీల ప్లేటులోకి వంగి, వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి, భార్య వేషం వేసినవాడి చెవిలో "ఏడు పోయినయ్" అన్నాడు. స్క్రిప్టులో ఆ మాటే లేదు. హాలు ఊగిపోయింది.

అప్పటి నుంచి సరదా సినిమా ఏది చూసినా నేను వెతికేది అదే: ఈ మనిషికి తన బాధ నిజమా కాదా అని. 'అహ నా పెళ్ళంట' (1987)లో కోట శ్రీనివాసరావు కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్తన్నం తింటాడు కదా. ఆ పిసినారికి అది జోకు కాదు, నిజంగానే కోడికూర భోజనం. ఒక్కసారి మన వైపు చూసి కన్నుగీటి ఉంటే ఆ సీను అక్కడే చచ్చిపోయేది.

మా దిక్కు మనుషుల్లో నాకు బాగా నచ్చినాయన మురళీధర్ గౌడ్. 'డీజే టిల్లు' (2022)లో టిల్లు తండ్రిగా ఆయన కొడుకును తిట్టే తీరు చూసి మా అమ్మ "అచ్చం మీ నాయినే" అంది. నాన్న అక్కడే కూర్చున్నాడు, మాట్లాడలేదు. మరుసటి ఏడు 'బలగం'లో ఆయనే, నల్లి బొక్క (మూలుగ ఉండే ఎముక) దగ్గర మాటా మాటా పెరిగి అలిగిన అల్లుడు. బయటివాళ్ళకు ఇది వింతగా ఉండొచ్చు గానీ, మా దగ్గర అల్లుడి కంచంలో నల్లి బొక్క పడటమంటే మర్యాదకు సంబంధించిన విషయం. ఆయన ముఖంలో ఉన్నది కామెడీ కాదు, అవమానం. థియేటర్లో మా ముందు వరసలో ఒక పెద్దమ్మ ఆ సీనుకు నవ్వి, వెంటనే పక్కనున్న ఆయనను మోచేత్తో పొడిచింది. వాళ్ళింట్లో ఏ బొక్క కథ ఉందో మరి.

అట్లని వేషాలన్నీ ఇక్కడివాళ్ళకే ఇయ్యాలని నేననను. 'ఫిదా' (2017)లో బాన్సువాడ పిల్ల భానుమతిగా చేసిన సాయిపల్లవిది తమిళనాడు. తన డబ్బింగ్ తనే చెప్పుకుంది. యాస మీద మా ఇంట్లో చిన్న వాదన కూడా జరిగింది, అక్కడక్కడా పట్టు తప్పిందని మా అక్క పంచాయితీ. నాకు మాత్రం ఆ పిల్ల కోపం నమ్మబుద్ధయింది, అది చాలు.

ఇంకొకటి, పక్కనున్నవాడు. 'జాతిరత్నాలు' (2021)లో నవీన్ పొలిశెట్టి వాగుడు గురించే అందరూ చెబుతారు. వాగుడు బాగుంది, కాదనను. రెండోసారి చూసినప్పుడు నేను ప్రియదర్శిని, రాహుల్ రామకృష్ణను మాత్రమే చూశాను. వాళ్ళిద్దరూ అతని మాటను నిజంగా నమ్ముతున్నట్టు తలూపుతారు, వాళ్ళు నమ్మబట్టే మనకు నవ్వొస్తుంది. ముగ్గురూ నవీన్ లాంటివాళ్ళే అయితే అరగంటకు తలనొప్పి వచ్చేది. మీరూ ఒకసారి ఏదైనా సీను సౌండ్ తీసేసి, మాట్లాడనివాణ్ణి చూడండి.

మా బజ్జీల మనిషి ఇప్పుడు బ్యాంకులో పని చేస్తున్నాడు. మొన్న ఫోన్‌లో ఆ స్కిట్ గుర్తు చేసి, ఆ మాట ఎట్లా తట్టిందిరా అని అడిగాను. "తట్టుడేంది, నిజంగనే ఏడు పోయినయ్. పైసలు మెస్‌కు కట్టాల్సింది నేనే కదా" అన్నాడు.