ఫిజికల్ సైన్స్ టీచర్ ఆన్‌లైన్‌లో ఎడ్యుకేషనల్ టెక్నాలజీ నేర్చుకుంటే క్లాసులో ఉపయోగం ఉంటుందా?

మేడమ్, మీరు మూడు సంగతులు అడిగారు. డీఎస్సీలో కొత్తగా వచ్చిన ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్‌గా, బడిలో ఉన్న డిజిటల్ ప్యానెల్‌ను, అంటే బోర్డులా వాడే పెద్ద టచ్ తెరను, సరిగా వాడటానికి ఏ ఆన్‌లైన్ కోర్సు చేయాలి? తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇంగ్లిష్ వీడియోలు అర్థమవుతాయా? ఇదంతా చేస్తే పిల్లలకు ఒరిగేదేమైనా ఉంటుందా? మూడోదానికి ముందు చెప్తాను. అది తేలితేనే మిగతా రెండూ తేలతాయి.

ఒరుగుతుంది. కానీ కోర్సు ఎంత పేరున్నదన్న దాన్ని బట్టి కాదు. ఆ కోర్సు చేస్తున్నన్నాళ్లూ మీ ముందు ఒక పాఠం ఉందా లేదా అన్నదాన్ని బట్టి. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తూనే ఈ కోర్సులు చేశాను. ఏ కోర్సులో చేరినా, చేరే ముందే పదో తరగతి పుస్తకంలోంచి ఒక పాఠం పక్కన పెట్టుకుంటాను. వారంవారం కోర్సులో ఏం చెప్పినా అది ఆ పాఠానికి ఎలా అతుకుతుందో చూసుకుంటాను. ఇలా చేసిన కోర్సులే నాకు క్లాసులో మిగిలాయి. ఊరికే వీడియోలు చూసి, క్విజ్ రాసి, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకుంటే సర్వీస్ ఫైల్లో ఒక కాగితం పెరుగుతుంది, అంతే.

కోర్సుల సంగతి. మొదలుపెట్టడానికి దీక్ష అనే ప్రభుత్వ పోర్టల్లో టీచర్ల శిక్షణ కోసం పెట్టిన నిష్ఠ కోర్సులు చాలు. ఇవి ఉచితం, తెలుగులో ఉంటాయి, ఫోన్లోనే చేసుకోవచ్చు. సెకండరీ టీచర్ల కోసం పెట్టిన విడతలో బోధన, మూల్యాంకనాల్లో ఐసీటీని, అంటే కంప్యూటర్, ఫోన్, ఇంటర్నెట్ లాంటి సాధనాలను, వాడటం మీద ఒక కోర్సు ఉంది. ముందు అది చేయండి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో నలుగురూ మాట్లాడుకునే మాటలు ఏమిటో దాంతో తెలిసిపోతాయి.

ఆ తర్వాత స్వయం పోర్టల్‌కు వెళ్లండి. 2017లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన వేదిక ఇది. చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. అందులో ఐఐటీల లాంటి సంస్థలు నడిపే ఎన్‌పీటెల్ కోర్సులకైతే వారంవారం అసైన్‌మెంట్లు, చివర సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్ష ఉంటాయి. తుది మార్కుల్లో అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం. పరీక్ష రాయాలనుకుంటేనే ఫీజు, సాధారణంగా 1000 రూపాయలు. సర్టిఫికెట్ వద్దనుకుంటే పరీక్ష మానేసి అసైన్‌మెంట్లు మాత్రం చేసుకోవచ్చు. మీ ఉద్దేశం నేర్చుకోవడమైతే అందులో చిన్నతనమేమీ లేదు. కోర్సులు జనవరిలో ఒక విడత, జులైలో ఒక విడత మొదలవుతాయి. మనకు జనవరి విడత కష్టం, పదో తరగతి స్పెషల్ క్లాసులు, ప్రీఫైనల్స్ అప్పుడే మీద పడతాయి. జులై విడతే మేలు.

నాకు బాగా పనికొచ్చింది ఐఐటీ బాంబే ఎడ్యుకేషనల్ టెక్నాలజీ విభాగం వాళ్ల పద్ధతి. అక్కడి ప్రొఫెసర్లు సహనా మూర్తి, శ్రీధర్ అయ్యర్ ఆన్‌లైన్ కోర్సులను విద్యార్థి కేంద్రంగా ఎలా తయారుచేయాలో చెప్పే కోర్సు నడిపారు. పైకి చూస్తే అది బడి పాఠాల కోసం కాదు. కానీ అందులో ఒక చిన్న సంగతి నా క్లాసు నడిచే తీరునే మార్చేసింది. వాళ్ల వీడియో మధ్యలో ఆగిపోతుంది. "ఇక్కడ ఆపండి, మీ జవాబు కాగితం మీద రాసుకోండి, రాశాకే ముందుకు వెళ్లండి" అంటారు. దాన్ని రిఫ్లెక్షన్ స్పాట్ అంటారు. రాసి ముందుకు వెళ్తే, సాధారణంగా జనం ఏమేం రాస్తారో, అందులో ఏది ఎందుకు పొసగదో వాళ్లే చెప్తారు. ఒకటి రాసి కూర్చున్నాక ఆ వివరణ వినడం వేరు, ఊరికే వినడం వేరు. నేర్చుకునేవాడిగా ఆ తేడా నాకు అనుభవమైంది కాబట్టే, అది పిల్లలకు కూడా దక్కాలనిపించింది.

అప్పుడు నేను పక్కన పెట్టుకున్న పాఠం పదో తరగతి విద్యుత్ ప్రవాహం. అందులో ఒక్క పిరియడ్ ఎలా నడిచిందో చెప్తాను. మీరు రేపే చేయొచ్చు.

ఒక బ్యాటరీకి ఒకేలాంటి రెండు బల్బులు శ్రేణిలో కలిపిన బొమ్మ బోర్డు మీద గీశాను. ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది, మొదటిదా, రెండోదా, రెండూ సమానంగానా? నోటుబుక్కులో రాయండి, పక్కవాళ్లది చూడొద్దు అన్నాను. క్లాసులో ఎక్కువమంది మొదటిదే అన్నారు. ఒకబ్బాయి లేచి, "కరెంటు ముందు దానికే పోతది కదా సార్, అది వాడుకున్నంక మిగిలిందే రెండోదానికి" అన్నాడు. ఆ అబ్బాయి తెలివితక్కువవాడు కాదు. కరెంటు వాడుకోవడం, కరెంటు బిల్లు, కరెంటు అయిపోవడం, ఇవన్నీ ఇంట్లో రోజూ వినే మాటలే. ఓమ్ నియమం లెక్కలు చకచకా చేసే పిల్లలు కూడా లోపల ఇదే అనుకుంటూ ఉంటారు. లెక్కలో మార్కులు వస్తాయి కాబట్టి ఆ లోపలి మాట మనకు కనపడదు.

ఆ తర్వాతే ప్యానెల్ మీద ఫెట్ సిమ్యులేషన్, అంటే తెర మీదే చేసి చూసే నమూనా ప్రయోగం, తెరిచాను. నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. అందులో డీసీ సర్క్యూట్లు కట్టే కిట్ ఉంది. ఆ అబ్బాయినే పిలిచి సర్క్యూట్ కట్టమన్నాను. బల్బుల ముందు ఒక అమ్మీటర్, మధ్యలో ఒకటి, తర్వాత ఒకటి పెట్టించాను. మూడూ ఒకే రీడింగ్. తీగలో ఎలక్ట్రాన్లు అన్నిచోట్లా ఒకే వేగంతో కదులుతున్నాయి. క్లాసంతా ఒక్కసారి గోలగోల అయిపోయింది. ఆ గోలను ఆపకండి. వాదించుకోనివ్వండి.

ఇక్కడితో ఆగితే పని సగమే. తెర మీద చూసింది పిల్లలకు సినిమా కిందే లెక్క. అందుకే టార్చి బల్బులు, సెల్లులు, తీగలు ఇచ్చి నిజంగా కట్టించాలి. ఇక్కడొక చిక్కుంది, ఏ కోర్సులోనూ నాకు ఎవరూ చెప్పలేదు. బజారులో దొరికే రెండు టార్చి బల్బులు అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకటి కొంచెం ఎక్కువ వెలుగుతుంది. అది గనక మొదటి బల్బే అయితే, "చూశారా సార్, నేను చెప్పిందే నిజం" అంటారు, మీరు తెర మీద చూపించిందంతా గాలికి పోతుంది. అందుకే బల్బుల చోట్లు మార్చి మళ్లీ కట్టమనండి. ఎక్కువ వెలిగిన బల్బు రెండో చోటికి వెళ్లినా అదే ఎక్కువ వెలుగుతుంది. అంటే తేడా చోటుది కాదు, బల్బుది. ఈ ఒక్క మార్పిడితో పిల్లలకు సర్క్యూటే కాదు, ప్రయోగమంటే ఏమిటో కూడా తెలుస్తుంది.

ఇంకో జాగ్రత్త. సిమ్యులేషన్‌లో ఎలక్ట్రాన్లు కంటికి కనపడేంత వేగంగా పరుగెత్తుతాయి. మన పదో తరగతి పుస్తకంలోనే 1 ఆంపియర్ ప్రవాహానికి రాగి తీగలో ఎలక్ట్రాన్ల అపసర వేగం, అంటే అవి సగటున ముందుకు జరిగే వేగం, సెకనుకు 0.07 మిల్లీమీటర్లని లెక్కగట్టి ఇచ్చారు. ఆ పేజీ తీయించి, తెర మీద చూసిన వేగం నిజమేనా అని అడగండి. మంచి చర్చ వస్తుంది. ఎలక్ట్రాన్లు రుణ ధ్రువం నుంచి వెళ్తుంటే పుస్తకంలో కరెంటు దిశ ఎదురుగా ఉందేమిటని కూడా ఎవరో ఒకరు అడుగుతారు. సిమ్యులేషన్‌లో ఎలక్ట్రాన్లకు బదులు సంప్రదాయ విద్యుత్ దిశ చూపే మీట ఉంది, అది మార్చి చూపించండి.

కోర్సుల్లో మీకు టీప్యాక్ అనే మాట పదేపదే తగులుతుంది. పునీత్ మిశ్రా, మాథ్యూ కోహ్లర్ 2006లో రాసిన వ్యాసంతో బాగా ప్రచారమైంది. సబ్జెక్టు తెలియడం, బోధన తెలియడం, టెక్నాలజీ తెలియడం విడివిడిగా ఉంటే చాలదు, మూడూ కలిసే చోటే టీచర్ పని ఉంటుందన్నది సారాంశం. మూడు వృత్తాల బొమ్మను బట్టీ పట్టక్కర్లేదు. ఫెట్ తెరవడం టెక్నాలజీ. ముందు ఊహ రాయించడం బోధన. బల్బుల చోట్లు మార్చాలని తోచడం సబ్జెక్టు. ఆ పిరియడ్‌లో ఏ ఒక్కటి తప్పినా పాఠం కుంటుతుంది. నా మటుకు నాకు టీప్యాక్ అంటే ఆ పిరియడే.

ప్యానెల్ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. వీడియో పెట్టేసి పక్కన నిలబడటానికి అది పనికొస్తుంది, దానికి ఏ కోర్సూ అక్కర్లేదు. పైనుంచి తనిఖీకి వచ్చినవాళ్లు కూడా ప్యానెల్ ఆన్‌లో ఉందా లేదా అన్నదే చూస్తారు చాలాసార్లు. మీరు మాత్రం తెర మీద ఏదైనా కదిలే ముందు పిల్లల నోటుబుక్కులో ఒక ఊహ రాసి ఉందా అన్నది చూసుకోండి. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం.

నెట్ గురించి కంగారుపడకండి. ఫెట్ సిమ్యులేషన్లు చాలావరకు ఒక్కొక్కటి ఒక్క ఫైలుగా డౌన్‌లోడ్ అవుతాయి. ఇంట్లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే బ్రౌజర్‌లో నెట్ లేకుండా తెరుచుకుంటాయి. కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. కరెంటు లేని రోజు కోసం నల్లబల్ల మీద వేసుకోగల బొమ్మ ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి. ఊహ రాయించడానికి కరెంటు అక్కర్లేదు కదా.

ఇక ఇంగ్లిష్. వీడియోను ముప్పాతిక వేగంలో పెట్టుకోండి, సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకోండి, ట్రాన్‌స్క్రిప్ట్ ఉంటే ముందు అది చదివి తర్వాత వీడియో చూడండి. సబ్జెక్టు మీకు తెలిసిందే, విద్యాశాస్త్రం బీఈడీలో చదివిందే. కొత్తగా వచ్చే మాటలు కోర్సు మొత్తానికీ కొన్నే ఉంటాయి, రెండో వారానికి అలవాటైపోతాయి. కష్టమల్లా రాసే దగ్గర. చర్చా వేదికలో కాలేజీ లెక్చరర్లు పేరాలు పేరాలు రాస్తుంటే చేయి ముందుకు సాగదు. నేను తెలుగులో ఆలోచించి చిన్నచిన్న వాక్యాల్లో మా పిల్లలు అన్న మాటలే రాసేవాణ్ణి. "మొదటి బల్బు కరెంటు వాడుకుంటుంది" అన్న మాట రాసిన రోజు నా పోస్టుకు వచ్చినన్ని జవాబులు అంతకుముందు దేనికీ రాలేదు. వేరే రాష్ట్రాల టీచర్లు తమ పిల్లలూ అచ్చం అదే అంటారని రాశారు. నిజమైన క్లాసులోంచి వచ్చిన మాటకు భాష అడ్డం కాదు మేడమ్. మీ దగ్గర ఆ సరుకు రోజూ ఉంటుంది.

సమయం గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను. వారానికి మూడు నాలుగు గంటలు కావాలి. ఇంటిపని మీ మీద ఎక్కువగా ఉంటే ఆ గంటల సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. రాత్రి అందరూ పడుకున్నాక చేద్దామనుకుంటే మొదటి వారం దాటదు. తోటి టీచర్ ఒకరు తోడుంటే ఇంకా మంచిది. మా మండలంలో మ్యాథ్స్ సార్ ఒకాయన, నేను కలిసి చేశాం. ఆయన లెక్కల బొమ్మలు గీసి చూపే జియోజీబ్రా పట్టుకున్నారు, నేను ఫెట్. ఒకరి పాఠం ఒకరం చూసి చెప్పుకున్నది కోర్సులో చెప్పినదానికి తీసిపోలేదు.

మొదటి పాఠంగా మీకు తొమ్మిదో తరగతి ధ్వని సూచిస్తాను. ప్యానెల్ కూడా అక్కర్లేదు. జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ రెండు ఫోన్లలో వేసుకోండి. అందులో శబ్దంతో మొదలై శబ్దంతో ఆగే స్టాప్‌వాచ్ ఉంది. వరండాలో టేపుతో 10 మీటర్లు కొలిచి రెండు చివరలా రెండు ఫోన్లు పెట్టండి. మొదటి ఫోన్ దగ్గర ఒకరు చప్పట్లు కొడితే రెండు వాచ్‌లూ మొదలవుతాయి, కానీ శబ్దం వెళ్లేంతసేపు రెండోది ఆలస్యంగా మొదలవుతుంది. తర్వాత రెండో ఫోన్ దగ్గర ఇంకొకరు చప్పట్లు కొట్టాలి. ఈసారి రెండోది ముందు ఆగుతుంది, మొదటిది అంతేసేపు ఆలస్యంగా ఆగుతుంది. రెండు రీడింగుల తేడా అంటే శబ్దం 20 మీటర్లు వెళ్లడానికి పట్టిన కాలం. సుమారు 0.058 సెకన్లు వస్తుంది, 20ని దాంతో భాగిస్తే సెకనుకు దాదాపు 345 మీటర్లు. వరండాలో మాటలు వినిపిస్తుంటే వాచ్ ముందే మొదలైపోతుంది, అందుకని పక్క క్లాసు టీచర్‌కు ముందుగా చెప్పి, నాలుగైదు సార్లు చేయించి సగటు తీయించండి. రెండు ఫోన్లూ ఎందుకు, ఒక్క ఫోన్‌తో ఎందుకు కుదరదు అన్నది చప్పట్లు కొట్టకముందే నోటుబుక్కులో రాయించండి.